ఆర్‌సీఎం (రోమన్ కతోలిక మిషన్) బడిలో పూజ, ప్రార్థన: పిల్లల చేతికి పని ఇవ్వండి

ముందు కాగితం పని. రాజ్యాంగం 28(3) ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలోగానీ, ఎయిడెడ్ బడిలోగానీ మైనర్ పిల్లల్ని సంరక్షకుల అంగీకారం లేకుండా మతబోధకూ, ఆరాధనకూ కూర్చోబెట్టకూడదు. జూన్‌లో అడ్మిషన్ ఫారంతోపాటే తెలుగులో ఒక అంగీకార పత్రం ఇచ్చి సంతకం తీసుకోండి. కతోలిక పిల్లలకు జ్ఞానోపదేశం (మతబోధ) జరిగే పీరియడ్‌లోనే మిగతావాళ్లకు నీతిబోధ పెట్టండి. వాళ్లను మైదానంలోకి మాత్రం వదలొద్దు. కిటికీలోంచి కబడ్డీ కనబడుతుంటే ఏ ఉపదేశీ నెగ్గలేడు.

ఉదయం అసెంబ్లీలో ప్రార్థనకు ఐదు నిమిషాలు చాలు. సువిశేషం (యేసు జీవితం చెప్పే బైబిలు భాగం) నుంచి నాలుగైదు వాక్యాలు, ఒక కోరిక, యేసు నేర్పిన పరలోక జపం, ఒక చరణం పాట. వారానికొక తరగతికి అప్పగించండి. కోరికలు పిల్లలే రాయాలి. టీచరు రాసిస్తే ఎప్పుడూ ప్రపంచశాంతే వస్తుంది. పిల్లల్ని రాయమంటే కోతల వేళ వాన రాకూడదని, మంచం పట్టిన తాతయ్య లేవాలని రాస్తారు.

అసలు శ్రమంతా నెలకోసారి ఫాదర్‌గారు జరిపే పూజ (మాస్) దగ్గరే. మొదటి శుక్రవారం పూజ ఉంటే సోమవారమే పని మొదలుపెట్టాలి. పిల్లల పూజల గురించి రోము 1973లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పూజలో చదివే బైబిలు పఠనాలు కష్టంగా ఉంటే తగ్గించుకోవచ్చు, సువిశేషాన్ని మాత్రం వదలకూడదు. కాబట్టి ఒక పఠనం, సువిశేషం సరిపోతాయి. ఏవి తగ్గించాలో ఫాదర్‌గారితో ముందే మాట్లాడుకోండి.

చదివే పిల్లను మూడుసార్లు సాధన చేయించండి. మొదటిసారి అర్థం కోసం. ‘రక్షణ’ అంటే పోలీసు కాపలా అనుకునే ఆరో తరగతి పిల్లలుంటారు. అర్థం తెలియకుండా చదివితే గొంతులోనే తెలిసిపోతుంది. రెండోసారి మైకు ముందు. మూడోసారి ఆఖరి బెంచీలో ఒకరిని కూర్చోబెట్టి చదివించండి, వినబడకపోతే వాళ్లు చెయ్యెత్తాలి. పౌలు లేఖల్లో ఊళ్ల పేర్ల దగ్గర నాలుక మడతపడుతుంది. వాటిని అక్షరాలు విడదీసి కాగితం మీద పెద్దగా రాసివ్వండి.

పాటలు నెలకు ఒక్కటే కొత్తది. కీబోర్డు వాయించేవాళ్లు తమ గొంతుకు తగ్గ శ్రుతి పెట్టుకుంటే పిల్లలు రెండో చరణానికే నోరు మూసేస్తారు. కోయిర్ బాగా పాడుతున్నప్పుడు మిగతా హాలంతా మౌనంగా ఉంటే ఆ పాట పూజలో పనికిరానట్టే.

దివ్యసత్ప్రసాదానికి (పూజలో ఇచ్చే అప్పం) ముందు ఉపవాసం ఒక్క గంట. మంచినీళ్లకు అడ్డులేదు. పూజ తొమ్మిదికైతే ఎనిమిదిలోపు టిఫిన్ తినేసి రమ్మని గట్టిగా చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్ల మాట మీద ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లలే కళ్లు తిరిగి పడిపోతారు. సత్ప్రసాదం తీసుకోని పిల్లలు ఆ సమయంలో ఎలా కూర్చోవాలో ముందు రోజే తరగతిలో చెప్పాలి. వరుసలో నిలబడ్డాక వెనక్కి పంపితే ఆ సిగ్గు చాలాకాలం పోదు.

పాపసంకీర్తనానికి (ఫాదర్ దగ్గర ఒంటరిగా తప్పులు ఒప్పుకోవడానికి) లెక్క వేసుకోండి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలనుకున్నా నలభై మందికి ఒక ఫాదర్‌కు రెండు గంటలు. మూడు తరగతుల్ని ఒకే రోజు తోసెయ్యకండి. వరుస మాటలు వినబడనంత దూరంలో ఉండాలి, టీచరు కూడా. బయటికొచ్చాక ఎవరూ ఏమీ అడగకూడదు.

అక్టోబరు జపమాల మాసం సగం దసరా సెలవుల్లో పోతుంది. మిగిలిన రోజుల్లో ఒక్కో తరగతి చేత పది మంగళవార్త జపాలు (మరియమ్మ ప్రార్థన) చెప్పించండి, చాలు.

తపస్సు కాలంలో (ఈస్టరుకు ముందు నలభై రోజులు) ఎండ, పదో తరగతి పరీక్షలు, ఒంటిపూట బడులు అన్నీ కలిసి వస్తాయి. శుక్రవారం సిలువ మార్గం (యేసు శ్రమల్ని స్థలం స్థలంగా తలచుకునే ప్రార్థన) బడి మొదలవగానే, చెట్ల నీడన జరపండి. పద్నాలుగు స్థలాలకు ఇరవై అయిదు నిమిషాలు. స్థలానికొక వాక్యం పిల్లలే రాయాలి.

తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు నుదుట పెట్టే విభూది తయారీ పిల్లలకు ఎంతో ఇష్టం. నిరుటి మ్రానికొమ్మల ఆదివారం (ఈస్టరుకు ముందు ఆదివారం) నాడు ఇంటికి తీసుకెళ్లిన కొబ్బరాకుల్ని, ఆకుతో అల్లిన చిన్న సిలువల్ని వారం ముందే తెమ్మనండి. ఈనెలు తీసెయ్యాలి, అవి మెత్తగా బూడిద కావు. మిగిలింది కత్తిరించి, ఇనప బాండీలో పెద్దవాళ్లు కాల్చాలి. కిరోసిన్ పోయొద్దు, ఆ వాసన నుదుటిదాకా వస్తుంది. పూర్తిగా ఆరాక పలుచని గుడ్డలో జల్లించండి. చిటికెడు చొప్పునే కాబట్టి బడి మొత్తానికి ఒక చిన్న గిన్నెడు సరిపోతుంది. నీళ్లు కలిపి ముద్ద చెయ్యడం మాత్రం ప్రమాదం: బూడిద నీటిలో క్షారంగా మారి నుదురు మంటెక్కుతుంది, కొందరికి బొబ్బలు కూడా వస్తాయి. బూడిద రాలిపోతుంటే రెండు చుక్కల కొబ్బరినూనె కలపండి. మిగిలినదాన్ని చెత్తబుట్టలో వెయ్యకుండా మొక్క మొదట్లో కలపాలి.

గౌరీపట్నం నిర్మలగిరి మరియమాత పుణ్యక్షేత్రం యాత్రకు మార్చి మహోత్సవం రోజులు వద్దు. జనం, పరీక్షలు రెండూ అప్పుడే. వానలు వెనకబట్టాక డిసెంబరులో, ఎనిమిది, తొమ్మిది తరగతుల్ని తీసుకెళ్లండి. పదిహేను మందికొక టీచరు ఉండాలి, బస్సు ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి తలలు లెక్కపెట్టండి.