ముంజలు తిన్నాక కాయలు పారేయకండి

వేసవిలో ముంజలు జుర్రేశాక మిగిలిన తాటికాయలతో పిల్లలకి బండి చేసివ్వచ్చు. సమానంగా ఉన్న రెండు కాయలు ఏరండి. ఒకటి చిన్నదైతే బండి ఎప్పుడూ ఆ పక్కకే తిరుగుతుంది. ఇరుసుకి బొటనవేలంత లావు, అడుగు పొడవున్న పుల్ల చాలు. బెరడు ఒలిచి రెండు కొసలూ మొన తేలేలా చెక్కండి (కత్తి పని పెద్దవాళ్ళదే). తొడిమ ఊడదీసి, ఆ గుంట నడిమధ్య పుల్ల దిగ్గొట్టాలి. మొన అవతల మూడు కళ్ళ మధ్యలోంచి తేలిందంటే గురి కుదిరినట్టే. పక్కకి పోతే చక్రం కుంటుతుంది. కాయ కొట్టిన రోజే గుచ్చేయండి, పీచు ఎండితే పుల్ల దిగదు.

తోయడానికి పంగల కర్ర కావాలి. మూడడుగులు దాటితే నాలుగైదేళ్ళ వాళ్ళకి అదుపు కాదు. పంగని ఇరుసు మధ్యలో ఆనించి తోయడమే, తాడుతో కట్టొద్దు. ఇరుసు కాయలతోపాటే తిరగాలి. కిర్రుమంటే పంగలో రెండు చుక్కలు వంటనూనె వేయండి. పిల్లలకి పాత బట్టలే తొడగండి, తాటికాయ మరక ఓ పట్టాన వదలదు.

రెండు మూడు రోజులకి కాయ ముడుచుకుని పుల్ల వదులవుతుంది. పక్కన చిన్న చీలిక బిగిస్తే ఇంకో రెండ్రోజులు నడుస్తుంది.