ఎల్‌ఎన్‌జీ ఓడల దగ్గర ఫ్లేర్ తగ్గించడం: 3వ పాఠం – జెట్టీ ఆవిరి లెక్క

కిందటి పాఠంలో ఓడ ట్యాంకులు ఎలా కడతారో చూశాం. ఇవాళ కాగితం, పెన్ను, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. ఓడలోకి ఎల్‌ఎన్‌జీ (బాగా చల్లబరచి ద్రవంగా మార్చిన సహజ వాయువు) నింపేటప్పుడు ఎంత ఆవిరి బయటికి వస్తుందో మీరే లెక్క కట్టాలి. ఫ్లేర్ (మిగులు గ్యాస్‌ను మంటలో తగలబెట్టడం) తగ్గించే పనులన్నీ ఈ లెక్క మీదే నిలబడతాయి కాబట్టి తొందరపడకుండా చేయండి.

ఖాళీ బిందెను చెరువులో ముంచితే బుడబుడమని గాలి బయటికి వస్తుంది కదా. ఓడలోనూ జరిగేది అదే. కాకపోతే ట్యాంకులో ఉండేది గాలి కాదు, చల్లని మీథేన్ ఆవిరి. సుమారు మైనస్ 162 డిగ్రీల ద్రవం ఒక ఘనపు మీటరు లోపలికి వెళ్తే, ఒక ఘనపు మీటరు ఆవిరి బయటికి రావాల్సిందే. పైపులు, పంపుల వేడికి మరిగిన గ్యాస్ దీనికి అదనం. ఇవాళ్టికి ఆ అదనాన్ని పక్కన పెడదాం.

గంటకు 10,000 ఘనపు మీటర్ల వేగంతో 1,40,000 ఘనపు మీటర్లు నింపుతున్నాం అనుకోండి. 14 గంటల పని. మైనస్ 140 డిగ్రీల దగ్గర ఆవిరి ఘనపు మీటరుకు సుమారు 1.5 కిలోలు తూగుతుంది. అంటే గంటకు 15 టన్నులు, మొత్తం 210 టన్నులు. ఒక్క ఓడకు ఇంత!

దీన్నంతా తగలబెడితే? మీథేన్ అణుభారం 16, కార్బన్ డయాక్సైడ్‌ది 44. 44ని 16తో భాగిస్తే 2.75. అంటే 210 టన్నులు పూర్తిగా మండితే సుమారు 578 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కానీ ఏ ఫ్లేరూ పూర్తిగా మండించదు. 2 శాతం మండకుండా పోయిందనుకుంటే 4.2 టన్నుల మీథేన్ నేరుగా గాలిలో కలుస్తుంది. వందేళ్ల లెక్కలో మీథేన్ ప్రభావం కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు. ఆ కాస్త మీథేనే దాదాపు 118 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం అవుతుంది. చాలామంది వదిలేసే అంకె ఇది. మీరు మాత్రం వదలొద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. జెట్టీ (ఓడను కట్టి సరుకు నింపే కట్టడం) దగ్గర ఆవిరిని వెనక్కి లాగే కంప్రెసర్ ఉంది, దాని సామర్థ్యం గంటకు 12 టన్నులు అనుకుందాం. వచ్చేది 15. మిగిలిన 3 టన్నులు గంటగంటకూ ఫ్లేర్‌కు పోతాయి. 14 గంటల్లో 42 టన్నులు. నింపే వేగాన్ని 8,000కి తగ్గిస్తే ఆవిరి సరిగ్గా 12 టన్నులకు దిగుతుంది. ఫ్లేర్‌కు ఏమీ పోదు. బదులుగా ఓడ 17.5 గంటలు ఉండాలి. మూడున్నర గంటల బెర్త్ (రేవులో ఓడ ఆగే చోటు) సమయమా, 42 టన్నుల గ్యాసా? బయట ఇంకో ఓడ ఎదురుచూస్తుంటే టెన్షన్ సహజమే. అయినా ఈ రెండు అంకెలనూ పక్కపక్కన రాసి పెడితే నిర్ణయం తీసుకునేవాళ్లు కనీసం తెలిసి తీసుకుంటారు. నా మటుకు నేను ఆ మూడున్నర గంటలూ అడుగుతాను.

ఓడ ఎలాంటి స్థితిలో వచ్చిందన్నది ఇంకా పెద్ద సంగతి. అడుగున కొంచెం ఎల్‌ఎన్‌జీ మిగుల్చుకుని (దీన్నే హీల్ అంటారు), దారిలో దాన్ని ట్యాంకుల్లో చల్లుకుంటూ వచ్చిన ఓడ చల్లగా వస్తుంది, వెంటనే నింపవచ్చు. హీల్ అయిపోయి వెచ్చగా వచ్చిన ఓడను ముందు గంటల తరబడి చల్లబరచాలి. అందుకు చల్లే ద్రవమంతా ఆవిరే అవుతుంది. డ్రైడాక్ (ఓడలను నీళ్లలోంచి తీసి మరమ్మతు చేసే చోటు) నుంచి వచ్చిన ఓడ అన్నిటికంటే కష్టం. దాని ట్యాంకుల్లో సాధారణంగా ఇనర్ట్ గ్యాస్ (మంట అంటుకోనివ్వని వాయువు) ఉంటుంది, అందులో కార్బన్ డయాక్సైడ్ కలిసి ఉంటుంది. అది అతి చలిలో గడ్డకట్టి పైపులను మూసేస్తుంది కాబట్టి ఆ మిశ్రమాన్ని ప్లాంటుకు తిప్పి పంపలేరు. అందుకే ఓడ రాకముందే ట్యాంకుల ఉష్ణోగ్రత అడిగి తెలుసుకోండి.

ఇదంతా కాగితం మీది మాట కాదు. ఖతార్‌లోని రాస్ లఫ్ఫాన్ రేవులో 2014లో ఇలాంటి వ్యవస్థే పెద్ద ఎత్తున మొదలైంది. ఆరు బెర్తుల దగ్గర ఓడల నుంచి వచ్చే ఆవిరిని పైపుల్లో ఒకచోటికి తెచ్చి, కంప్రెసర్లతో ఒత్తి, ప్లాంట్లకు తిప్పి పంపుతారు. అక్కడ అది ఇంధనంగా వాడుకోవడానికో, మళ్లీ ద్రవంగా మార్చడానికో పనికొస్తుంది. ఖర్చు సుమారు 100 కోట్ల డాలర్లు. బెర్తుల దగ్గర ఫ్లేర్‌ను దాదాపు 90 శాతం తగ్గించాలన్నది లక్ష్యం. గుజరాత్‌లోని దహేజ్‌కు 2004లో ఎల్‌ఎన్‌జీ రావడం మొదలైంది ఈ రేవు నుంచే.

అభ్యాసం: పైన చెప్పిన ఓడే, కానీ కంప్రెసర్ గంటకు 9 టన్నులే లాగుతుంది. ఫ్లేర్ లేకుండా నింపాలంటే వేగం ఎంత ఉండాలి? ఎన్ని గంటలు పడుతుంది? వేగం 10,000 దగ్గరే ఉంచితే ఎన్ని టన్నులు ఫ్లేర్‌కు పోతాయి? జవాబులు 4వ పాఠం మొదట్లో చూద్దాం. ఆ తర్వాత ఓడ సముద్రంలో ఉండగా రోజూ మరిగే గ్యాస్ సంగతి మొదలుపెడదాం.