మిస్ కొట్టే పాత బండికి చీకట్ల చూసుడే మంచి టెస్ట్
నల్గొండ దిక్కు పాత హోండా సిటీ వీటెక్‌లు ఇంకా ఇష్టంగ నడిపేటోళ్లున్నరు, వాళ్లకు ఈ మాట. వాన పడ్డప్పుడు ఇంజన్ మిస్ కొట్టి (పెట్రోల్ సరిగ్గ అంటుకోక కుదుపులతోని నడిచి) ఎండెక్కినంక సాఫ్ అయితుందంటే ఇంజెక్టర్ (ఇంజన్లకు పెట్రోల్ చిమ్మేది) క్లీనింగ్‌కు పైసలు పెట్టకుండ్రి, ముందు స్పార్క్ ప్లగ్గులకు కరెంటు తీస్కపోయే ప్లగ్ వైర్లు చూడాలె. చీకట్ల న్యూట్రల్‌ల పెట్టి, హ్యాండ్‌బ్రేక్ ఏసి, ఇంజన్ ఐడిల్‌ల ఉండంగ బానెట్ ఎత్తి చూడుండ్రి, వైర్ పగిలినకాడ సన్నగ నీలిరంగు స్పార్క్ టిక్ టిక్‌మని ఇంజన్ బాడీకి దుంకుతది. చెయ్యి అస్సలు పెట్టొద్దు, వేల వోల్టులుంటయ్! ఏం కనవడకుంటే ఇంజన్ ఆపి డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో ప్లగ్గుకు కరెంటు పంచేది) క్యాప్ ఇప్పుండ్రి, తేమ ఉంటే తుడిస్తే సరిపోతది గానీ లోపల పెన్సిల్ గీత లెక్క నల్ల చార ఉంటే అది తుడిస్తే పోదు, క్యాప్ మార్చుడే. అప్పటిదాంక హైవే మీద గుంజొద్దు, కాలని పెట్రోల్ పోయి సైలెన్సర్ లైన్ల పొగను సాఫ్ చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఖరాబైతది.