అగ్గిపెట్టె లేకుండా నెగడు – 2వ పాఠం: చెకుముకి, బొగ్గుగుడ్డ

మొదటి పాఠంలో చితుకులు ఏరి, అగరుబత్తి మందం, పెన్సిలు మందం, బొటనవేలి మందం అని మూడు కుప్పలు పెట్టుకున్నాం. ఇప్పుడు నిప్పు పుట్టించాలి. లంబసింగిలోనో గండికోటలోనో టెంటు వేసుకున్నాక అగ్గిపెట్టె తడిసిపోయిందనుకోండి, అప్పుడు చెకుముకి, అంటే రాతి అంచుకు ఉక్కును రాసి రవ్వ పుట్టించే పద్ధతి, అక్కరకొస్తుంది. కొత్తగా పట్టినవాళ్లు చాలామంది రవ్వ చాలడం లేదనుకుని రాయి మారుస్తారు, ఉక్కు మారుస్తారు. రవ్వలు రాలుతూనే ఉంటాయి. వాటిని పట్టి నిలిపేదే ఉండదు. ఆ పని చేసేది బొగ్గుగుడ్డ, అంటే గాలి అందకుండా మాడ్చిన నూలుగుడ్డ. అందుకే ఈ పాఠంలో ఎక్కువ భాగం గుడ్డ మాడ్చడం గురించే.

ముందు రవ్వ సంగతి. చూడ్డానికి రాయిలోంచి వచ్చినట్టుంటుంది గానీ అది ఉక్కుది. రాయి అంచు ఉక్కును గీరుతుంది. ఆ రాపిడికి వేడెక్కి ఊడిన సన్నటి పొడి, గాలి తగలగానే మండుతుంది. కాబట్టి రాయి ఉక్కు కన్నా గట్టిదై ఉండాలి, అంచు పదునుగా ఉండాలి. చేల గట్ల మీద తెల్లగా కనిపించే పలుగురాయి చాలు. ఏటి గులకరాయైతే అంచు ఉండదు, పగలగొట్టాలి. గోనెసంచిలో చుట్టి సుత్తితో కొట్టండి, కళ్లద్దాలు పెట్టుకోండి. పెచ్చు కంట్లో పడితే చూపుకే ముప్పు. గ్రానైటు మాత్రం వద్దు, అంచు పలుకులు పలుకులుగా రాలిపోతుంది.

ఉక్కుకు పాత ఆకురాయిని (అరగదీసే ఫైలును) మించింది లేదు. కర్బనం ఎక్కువ, గట్టిదనమూ ఎక్కువ. వేలెడు ముక్క చాలు. ఒక అంచున పళ్లు పోయేదాకా సానరాయి మీద అరగదీయాలి. అరగదీసేటప్పుడు మాటిమాటికీ నీళ్లలో ముంచండి. ఉక్కు నీలం రంగుకు తిరిగిందంటే ఆ చోట మెత్తబడిపోయినట్టే, రవ్వలు తగ్గిపోతాయి. ఇంటికి వాడే ఇనుప చువ్వ మెత్తన, రాయి తగిలితే నొక్కు పడుతుందే గానీ పొడి రాలదు. స్టెయిన్‌లెస్ స్టీలు చాకును కూడా నమ్ముకోవద్దు.

ఇక గుడ్డ. పాత పంచె, బనియను, లుంగీ ఏదైనా సరే, అచ్చమైన నూలు కావాలి. అనుమానముంటే ఒక పోగు లాగి కాల్చి చూడండి. నూలైతే మెత్తటి బూడిద మిగులుతుంది, పాలిస్టరు కలిసుంటే గట్టి పూసలా ముద్దకడుతుంది. నాలుగు సెంటీమీటర్ల చదరపు ముక్కలు పదిహేను దాకా కోసి, బిగుతు మూతున్న చిన్న రేకు డబ్బాలో వదులుగా వేయండి. మూతకు మేకుతో ఒకటే బెజ్జం, 2 మిల్లీమీటర్లు. డబ్బాను ఆరుబయట బొగ్గుల మీద పెట్టండి. కాసేపటికి బెజ్జంలోంచి తెల్లటి పొగ వస్తుంది. ఆ పొగ ఒక్కోసారి అంటుకుంటుంది కూడా, కంగారు పడొద్దు. ఐదు నుంచి పది నిమిషాల్లో పొగ పలచబడి ఆగిపోతుంది. వెంటనే పట్టకారుతో దించి, బెజ్జంలో పుల్ల దూర్చి మూసేయండి.

ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే. ఎలా వచ్చిందో చూద్దామని వేడిగా ఉండగానే మూత తీస్తారు. లోపల గుడ్డ కాలకుండా బొగ్గయిందే గాలి అందక. మూత తీస్తే గాలి తగిలి మొత్తం కణకణమని బూడిదవుతుంది. డబ్బా చేతికి చల్లగా తగిలేదాకా, కనీసం ఇరవై నిమిషాలు, ముట్టుకోవద్దు. కుదిరిన బొగ్గుగుడ్డ కారునలుపుగా ఉంటుంది, నేత కనిపిస్తుంది, మెల్లగా పట్టుకుంటే చిరగదు. గోధుమరంగు మిగిలితే మళ్లీ పొయ్యెక్కించండి. ముట్టగానే పొడైతే ఎక్కువసేపు ఉంచారన్నమాట. ఇదంతా బయల్దేరే ముందు ఇంటి దగ్గరే చేసుకోవాలి. బొగ్గుగుడ్డ గాలిలో తేమ తాగుతుంది కాబట్టి ప్లాస్టిక్ కవరులో కట్టి, మంచు కురిసే చోట స్వెట్టరు లోపలి జేబులో పెట్టుకోండి.

బొగ్గుగుడ్డకు అంటిన నిప్పును మంటగా మార్చేది గూడు. దానికి ఎండు కొబ్బరి పీచు. రెండు అరచేతుల మధ్య నలిపితే పొట్టు రాలి, జుట్టంత సన్నటి పోగులు మిగులుతాయి. దాన్ని దోసెడు పిచ్చుక గూడులా చేసి, నడుమ గుంట పెట్టండి.

ఇప్పుడు దెబ్బ. ఎడమ చేతిలో రాయి, పదునైన అంచు పైకి. దాని మీద బొగ్గుగుడ్డ, అంచుకు 2 మిల్లీమీటర్లు వెనక, బొటనవేలితో నొక్కి పట్టాలి. కుడిచేతి ఉక్కును పైనుంచి కిందికి, రాతి అంచును రాసుకుంటూ పోయేలా విసరండి. కొట్టడం కాదిది, చెక్కడం. టక్కుమని మోత వస్తే నేరుగా కొడుతున్నారని అర్థం, చెరుకు చెక్కినట్టు సర్రుమనాలి. రవ్వ పడ్డచోట ఆవగింజంత ఎర్రచుక్క కనిపిస్తుంది. మంట ఉండదు. మెల్లగా ఊదితే ఆ చుక్క చుట్టూ ఎర్రటి అంచు పాకుతూ పోతుంది. రూపాయి బిళ్లంత అయ్యాక గూట్లో పెట్టి, పీచు వదులుగా మూసి, గాలికి వీపు పెట్టి, ముఖం కన్నా కాస్త ఎత్తున పట్టుకుని కింది నుంచి నిదానంగా, దీర్ఘంగా ఊదండి. పొగ చిక్కబడి పసుపుపచ్చగా తిరిగాక భగ్గుమంటుంది. చెయ్యి కాలకముందే సన్న చితుకుల కింద పెట్టేయాలి. పొగ వచ్చి ఆగిపోతే, గూడు మరీ బిగించారు లేదా పీచులో చెమ్మ ఉంది.

బజారులో దొరికే ఫెర్రో కడ్డీ (గీరితే రవ్వలు రాలే లోహపు కడ్డీ) దీనికి తలకిందులు. అక్కడ రవ్వ కడ్డీది, గీరే ఉక్కుది కాదు. 1903లో ఆస్ట్రియాలో కనిపెట్టిన ఆ లోహమే సిగరెట్ లైటర్లలో చిన్న రాయిగా ఉంటుంది. దాని రవ్వ సుమారు 3000 డిగ్రీలు, మాడ్చని దూదిని కూడా అంటిస్తుంది. ఉక్కు రవ్వకు అంత వేడి లేదు, బొగ్గుగుడ్డ తప్పనిసరి.

సాధన చేసేచోట చుట్టూ మూడు మీటర్లు ఎండుగడ్డి లేకుండా చిమ్మి, బకెట్టు నీళ్లు పక్కన పెట్టుకోండి. రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం నేరం. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా అడవి అంచున కూడా ఈ సాధన వద్దు.

ఈ వారం అభ్యాసం: గూడు జోలికి పోకుండా, పది బొగ్గుగుడ్డ ముక్కలకు ఒక్కొక్కదానికి ఐదు దెబ్బల్లోపు చుక్క అంటించండి. ఏడు అంటుకుంటే 3వ పాఠానికి రావచ్చు, అందులో తడి కట్టెల సంగతి చూద్దాం. అంటుకున్న ముక్కను పారేయొద్దు. డబ్బాలో వేసి బెజ్జం పుల్లతో మూసి మూత బిగిస్తే గాలాడక ఆరిపోతుంది, మిగిలిన నల్లభాగం మళ్లీ పనికొస్తుంది.