మాల వేసుకునే ముందు: రోజూ కల్లు తాగేవారు డాక్టరును ఎప్పుడు కలవాలి

కార్తీకం దగ్గర పడుతున్నదంటే పాలమూరు, నల్లగొండ జిల్లాల పల్లెల్లో అయ్యప్ప మాలకు సిద్ధమయ్యేవారు ఎందరో ఉంటారు. ఏళ్ల తరబడి కల్లుకో, మందుకో అలవాటుపడినవారు సైతం 41 రోజుల మండల దీక్షతోనైనా దాని నుంచి బయటపడాలని కోరుకుంటారు. ఆ సంకల్పం ఎంతో గౌరవించదగినది. అయితే రోజూ తాగే మనిషి మాల వేసుకున్న నాడే ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చునని ఇంటివారికీ, దీక్ష ఇచ్చే గురుస్వామికీ ముందే తెలిసి ఉండాలి.

మన ప్రాంతంలో ఈ అపాయం కల్తీ కల్లు వల్ల మరింత పెరుగుతున్నది. గిరాకీకి సరిపడా చెట్టు కల్లు దొరకని చోట క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలుపుతారు. వీటికి ఏళ్లుగా అలవాటుపడిన మెదడు, అవి అందకుండా పోయిన రోజున అదుపు తప్పుతుంది. 2015లో కల్తీ కల్లుపై దాడులు పెరిగినప్పుడూ, 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడినప్పుడూ ఎంతోమంది ఫిట్స్‌తో, పిచ్చిమాటలతో ఆస్పత్రుల పాలైనది ఇందువల్లనే.

మద్యం మానిన కొన్ని గంటల్లోనే చేతుల వణుకు, చెమటలు, వాంతులు, నిద్రలేమి మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. లేనివి కనిపించడం, మనుషులను గుర్తుపట్టకపోవడం, ఒళ్లు కాలిపోవడం సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల మధ్య తలెత్తుతాయి. డైజీపాం శరీరంలో చాలా రోజులు నిలిచి ఉండే మందు కాబట్టి, కల్తీ కల్లు మానినవారిలో ఈ లక్షణాలు వారం తర్వాత కూడా బయటపడవచ్చు. మొదటి మూడు రోజులు బాగానే గడిచాయి కదా అని ధీమా పడకూడదు.

ఇటువంటి మనిషిని చూసి గాలి సోకిందనో, దీక్షలో ఏదో అపచారం జరిగిందనో మంత్రం వేయించడానికి తీసుకుపోవడం నేటికీ జరుగుతున్నది. ఆ గంటలే విలువైనవి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, తాళంచెవుల కోసం వెతుక్కోకుండా వెంటనే 108కు ఫోన్ చేయాలి.

అంతదాకా రాకముందే సలహా కోసం ఎవరు వెళ్లాలో గుర్తించడానికి నాలుగు ప్రశ్నలు చాలు. తాగుడు తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా, ఎవరైనా తాగుడు గురించి మాట్లాడితే కోపం వస్తున్నదా, తాగినందుకు తప్పు చేశానన్న బాధ కలుగుతున్నదా, పొద్దున లేవగానే వణుకు తగ్గడానికి తాగవలసి వస్తున్నదా? రెండింటికి అవునన్న జవాబు వచ్చినా కౌన్సెలింగ్‌కు వెళ్లడం మంచిది. నాలుగో ప్రశ్నకు అవుననేవారూ, ఇదివరకు మానబోయి ఫిట్స్ తెచ్చుకున్నవారూ మాలకు కొన్ని వారాల ముందే మానసిక వైద్యుని దగ్గరకు వెళ్లాలి. వీరికి మాటలతో ధైర్యం చెబితే సరిపోదు. మందులతో, అవసరమైతే ఆస్పత్రిలో ఉంచి మాన్పించవలసి ఉంటుంది.

మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రులలోనూ, హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక వైద్యాలయంలోనూ సంప్రదించవచ్చు. బయలుదేరే ముందు ఫోన్‌లో మాట్లాడదలచినవారికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సలహా సేవ టెలీ మానస్ నంబరు 14416, మత్తు విముక్తి సలహాల నంబరు 14446 ఉన్నాయి. ఏ దుకాణం కల్లు, రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్లుగా అన్నది దాచకుండా చెప్పాలి, ఎందుకంటే వైద్యుడు చికిత్సను నిర్ణయించేది దాన్ని బట్టే.

వైద్యుడు ఇచ్చిన మందులు వేసుకుంటే నియమం తప్పినట్లు కాదని గురుస్వాములే నలుగురిలో చెబితే ఎంతో మేలు జరుగుతుంది. ఒంటిపూట భోజనం, తెల్లవారుజామున చన్నీటి స్నానం మొదటి రోజుల్లో నీరసించిన ఒంటికి భారమవుతాయి గనుక వాటి విషయంలోనూ వైద్యుని మాట వినాలి. స్వామి ఉన్న ఇంట్లోకి కల్లు రాదు కాబట్టి, రోజూ తాగే అమ్మలూ, అవ్వలూ కూడా అదే రోజు మానవలసి వస్తుందన్న సంగతి చాలామందికి తట్టదు. వారికీ ఇవే జాగ్రత్తలు అవసరం. మానిన మనిషి దిగులుగా ఉంటూ, బతకాలని లేదని అంటే ఒంటరిగా వదలకూడదు, ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలను వెంటనే బయటకు తరలించి 14416కు ఫోన్ చేయాలి.

మాల తీసే రోజులు దగ్గరపడినప్పుడు పాత స్నేహితులు దుకాణానికి పిలుస్తారు, తాగాలన్న కోరికా మళ్లీ లేస్తుంది. శబరిమల నుంచి తిరిగి వచ్చిన వారంలోపు కౌన్సెలర్‌ను కలిసేలా, ప్రయాణానికి ముందే తేదీ తీసుకుని ఇంటివారికి చెప్పి ఉంచాలి.