బేరం వేరు, కోపం వేరు: ఫోనుకు గొంతులోని భావం నేర్పే పద్ధతి

పర్లాకిమిడి బజారులో వంకాయలు బేరమాడుతూ "ఏటి, అంత ధరా!" అన్న ఒక అమ్మ గొంతును, మాట విని భావం చెప్పేలా కంప్యూటరుకు నేర్పిన నా మొదటి నమూనా కోపమని తేల్చింది. ఆవిడ నవ్వుతూనే ఉంది. తప్పు ఆవిడ గొంతులో లేదు. 2005లో వెలువడిన బెర్లిన్ భావ ధ్వని సంగ్రహంతో, అంటే పదిమంది నటులు జర్మన్‌లో అభినయించిన వాక్యాలతో, నమూనాకు శిక్షణ ఇచ్చిన నాలోనే ఉంది.

కాబట్టి ముందుగా మన గొంతులనే సేకరించాలి. గిడుగు రామమూర్తి పంతులు గారు వాడుక భాష కోసం వాదించింది ఈ ఊళ్లో ఉండే. ఇక్కడ చదివించిన వాక్యాలు కాక, అనుమతి తీసుకుని, జనం మామూలుగా మాట్లాడుకునే తెలుగును, మధ్యలో దొర్లే ఒడియాతో సహా రికార్డు చేయాలి. ప్రతి ముక్కనూ ముగ్గురు స్థానికులు విడివిడిగా విని, అందులోని భావానికి పేరు పెట్టాలి. కనీసం ఇద్దరి మాట కలవనిదాన్ని పక్కన పెట్టాలి. శిక్షణలో ఉన్న మనిషి గొంతు పరీక్షలోకి రాకూడదు, వస్తే నమూనా భావాన్ని కాక మనిషిని గుర్తుపట్టి మార్కులు కొట్టేస్తుంది.

శబ్దాన్ని సెకనుకు 16,000 శాంపిళ్ల చొప్పున, ఒకే ఛానెల్‌లో తీసుకుంటే చాలు. ఆండ్రాయిడ్ 7.0 నుంచి మార్పులు చేయని మైకు ధ్వనిని అడిగే వీలుంది. ఫోను దానికి సహకరిస్తే దాన్నే వాడాలి, ఎందుకంటే హెచ్చుతగ్గులను సరిచేసే సదుపాయం మనకు కావలసిన తేడానే చెరిపేస్తుంది. ఆ ధ్వనిని 25 మిల్లీసెకన్ల ముక్కలుగా, పదేసి మిల్లీసెకన్లు జరుపుతూ కోసి, ఒక్కో ముక్క నుంచి 40 మెల్ పట్టీల (చెవి వినే తీరుకు తగ్గట్టు విడదీసిన పౌనఃపున్యాల) శక్తిని, దాంతోపాటు స్వరస్థాయిని (పిచ్‌ను) లెక్కకట్టాలి. మూడు సెకన్ల మాటకు దాదాపు మూడు వందల ముక్కలు వస్తాయి.

అసలు కిటుకు దీని తరువాత ఉంది. బజారులో పెరిగిన గొంతు సహజంగానే గట్టిగా ఉంటుంది గనుక, ఈ విలువలను నేరుగా నమూనాకు ఇవ్వకుండా, ఆ మనిషి తీరికగా మాట్లాడిన ఒక నిమిషాన్ని ముందు రికార్డు చేసి, స్వరస్థాయినీ శక్తినీ సంవర్గమానంలోకి (లాగరిథమ్‌లోకి) మార్చి, ఆ నిమిషపు సగటును తీసివేయాలి. అప్పుడు మిగిలేది ఆ మనిషి తన మామూలు నుంచి ఎంత కదిలాడన్నదే. వంకాయల బేరంలో ఆ కదలిక కొద్దిగానే ఉందని అప్పుడుగానీ నాకు తెలియలేదు.

నమూనాగా చిన్న కన్వల్యూషన్ నెట్‌వర్కు, అంటే పక్కపక్క విలువల్లోని ఆకృతులను పట్టుకునే నెట్‌వర్కు, ఇందుకు సరిపోతుంది. శిక్షణ ముగిశాక, నమూనాలను ఫోనులో నడిపే టెన్సర్‌ఫ్లో లైట్‌లో (ఇప్పటి పేరు లైట్‌ఆర్‌టీ) 32 బిట్ల భారాలను, అంటే నమూనా నేర్చుకున్న సంఖ్యలను, 8 బిట్లకు కుదిస్తే పరిమాణం దాదాపు నాలుగో వంతుకు దిగుతుంది. కుదించాక ఒక్కో భావానికీ విడిగా మళ్లీ పరీక్షించాలి, విచారం, మామూలు ధోరణి ఒకదానిలో ఒకటి కలిసిపోవడం అక్కడే ముందుగా బయటపడుతుంది. నమ్మకం తక్కువైనప్పుడు "తేలలేదు" అని చెప్పనివ్వండి. చివరిగా ఫోనును విమాన మోడులో పెట్టి, అదే సంత వేళకు తీసుకెళ్లి నడపండి. ధ్వని ఫోను దాటకుండానే ఫలితం రావాలి.