పాత బైక్‌లో తాళం తిప్పినా లైటు రాకపోతే

తాళం ఆన్ చేసినా న్యూట్రల్ లైటు (మీటర్‌లో వెలిగే పచ్చ లైటు) రాదు, కాస్త అటూ ఇటూ కదిపితే వస్తుంది. పాత బండ్లలో చాలాసార్లు ఇది తాళం స్విచ్ లోపల కరెంటు కలిపే లోహపు ముక్కలకు (కాంటాక్టులకు) పట్టిన మురికే, వెంటనే కొత్తది కొననక్కర్లేదు. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి, తాళం రంధ్రంలోకి కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే 2, 3 సెకన్లు కొట్టి, 15-20 సార్లు ఆన్, ఆఫ్ తిప్పి 10 నిమిషాలు ఆరనివ్వండి. ఇంకా బిగుతుగా తిరుగుతుంటే తాళంచెవికి రెండువైపులా 2బీ పెన్సిల్ బాగా రుద్ది పెట్టండి. చాలామంది పోసే కొబ్బరినూనె మాత్రం వద్దు, దుమ్ము పట్టి జిగురైపోతుంది.

హ్యాండిల్ తిప్పినప్పుడే లైటు పోతుంటే ఇది పనిచేయదు, అక్కడ స్విచ్ కింద వైరు తెగి ఉంటుంది. ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే స్విచ్ మార్చాల్సిందే.